ఆరుకాళ్ల సూర్యబిందువు

కాంస్యపురం కోటగుమ్మం ముందు గుర్రం దిగేసరికి మేఖల గడ్డం సగం ఊడి గాలికి ఊగుతోంది. మేకవెంట్రుకల గడ్డం, తుమ్మజిగురుతో అతికించింది. నాలుగు రోజుల్లో మూడు నదులు ఈదింది, వెంటపడిన ఒంటికన్ను రాక్షసుడి కంట్లో మిరపపొడి కొట్టింది, కదిలే కొండల సందులోంచి గుర్రాన్ని దూకించింది. వాటన్నిటినీ తట్టుకున్న జిగురు తీరా ఊరి ముందుకొచ్చాక ఎండకు కరిగింది. ఆమె తుమ్మినట్టు నటించి, అరచేత్తో గడ్డాన్ని అదిమిపెట్టి, గుమ్మం దగ్గరికి నడిచింది.

"ఎవరయ్యా నువ్వు, ఏ ఊరు?" అన్నాడు కావలివాడు, నమిలే పోకచెక్కను ఒక దవడ నుంచి ఇంకో దవడకు మార్చుకుంటూ.

"శంఖద్వీపం. నా పేరు మార్తాండాచార్యులు. ఆకాశంలో కొత్తదొకటి చూశాను. రాజుగారికి చూపించాలి."

"అయ్యో పెద్దాయనా, నీకెందుకొచ్చిన తిప్పలు. ఆకాశంలో కొత్తదేదైనా మా ఘటోదరుడుగారు ముందే చూసేసుంటారు. పోయిన నెల ఇద్దరొచ్చారు నీలాగే."

"ఏమయ్యారు?"

"ఒకాయన్ని గాడిదనెక్కించి పంపారు. రెండో ఆయన నడిచే వెళ్లాడు గానీ, నెత్తిన వెంట్రుక లేదు."

కావలివాడు పేరు రాసుకునేదాకా మేఖల గుమ్మపు స్తంభం చూస్తూ నిలబడింది. ఎప్పటి రాజో చెక్కించిన శాసనం మీద ఇప్పటి రాజు బిరుదుల రేకు కొట్టారు. రేకు కింద నుంచి పాత వాక్యం ఒకటి తొంగిచూస్తోంది: 'నింగి నుంచి రాలినదానిని తెచ్చి రాజుకు సమర్పించినవాడు ఒక బందీని విడిపించుకొనవచ్చును.' ఆమె అది చదివి, గడ్డం సవరించుకుని, లోపలికి వెళ్లింది.

కాంస్యపురం అందం చెప్పాలంటే రెండు నోళ్లు కావాలి, ఒకటి మెచ్చుకోవడానికి, ఒకటి ఉమ్మడానికి. వెయ్యిన్నూట పదహారు కంచు శిఖరాలు మధ్యాహ్నపు ఎండలో కళ్లు పొడుస్తుంటాయి. వీధుల్లో పన్నీటి కాలువలు, కాలువల్లో వెండి రెక్కల హంసలు, హంసల మెడల్లో చిరుగంటలు. ఇన్ని ఉన్న ఊళ్లో తల పైకెత్తి ఆకాశం చూసేవాడు ఒక్కడూ లేడు. ఎత్తిన తలకు అడ్డంగా అడుగుకొక తోరణం, ఆ తోరణం మీద ప్రచండకేసరి మహారాజుగారి నూటెనిమిది బిరుదుల్లో ఏదో ఒకటి. వాటిలో 'సముద్రగర్వభంజనుడు' అనే బిరుదు రాజుగారికి ఈత రాదని తెలిసినవాళ్లే ఇచ్చారు.

ఆ ఊరికి ఒక మంచి ఆచారం ఉండేది. ఆకాశంలో కొత్త సంగతి కనిపెట్టినవాడు దాన్ని ఒక వాక్యంగా రాసి, ఒక్కో అక్షరాన్ని ఒక్కో మట్టిబిళ్ల మీద చెక్కి, బిళ్లలన్నీ కుండలో వేసి కలిపేసి, మూతికి లక్క పోసి, తేదీ ముద్ర వేయించి కొలువులో దాచేవాడు. దాన్నే అక్షరకుంభం అంటారు. కలిసిపోయిన అక్షరాలను చూసి ఎవడూ రహస్యం దొంగిలించలేడు. రేపు ఇంకొకడు అదే సంగతి నాదంటే, కుంభం పగలగొట్టి, బిళ్లలు పేర్చి, వాక్యం చూపించి 'ముందు నేను' అనవచ్చు. షరతు ఒక్కటే, ఒక్క బిళ్ల మిగలకూడదు, ఒక్క బిళ్ల తగ్గకూడదు.

ఇంత చక్కటి ఆచారం ఆస్థాన జ్యోతిష్కుడు ఘటోదరుడి చేతిలో పడింది. వాడికి అశ్విని ఏదో భరణి ఏదో తెలియదు. తెలిసినవి రెండే విద్యలు. కాళ్లకు పాదలేపం పూసుకుని గాల్లో ఎగరడం, అదీ ఎవడో సిద్ధుడి దగ్గర కొట్టేసింది. రెండోది ఇంకా గొప్పది. ప్రతి అమావాస్యకూ ఒక కుంభం పెట్టేవాడు. కుంభమంటే కుండ కాదు, ఎడ్లు తాగే నీళ్ల గాబంత. దాన్నిండా వెయ్యి బిళ్లలు, అందులో లేని అక్షరం లేదు. ఎవడు ఏది కనిపెట్టి వచ్చినా ఆ వాక్యం వీడి గాబులోంచి తేలిగ్గా బయటికొచ్చేది.

మిగిలిన బిళ్లల మాటేమిటంటారా? వాటితో రాజుగారి పొగడ్తలు పేర్చేవాడు. పొగడ్తకు హద్దేముంది, తొమ్మిది వందల అక్షరాలనైనా మింగుతుంది. 'ఇది మిగులు' అనాలంటే రాజుగారి బిరుదును మిగులు అనాలి. అనేవాడి తల మిగలదు. కాబట్టి ఇరవై ఏళ్లుగా ఆకాశంలో మెరిసేదీ మెరవనిదీ అంతా ఘటోదరుడి సొత్తే.

మేఖల తండ్రి శతభిషుడు కూడా ఆ గాబులోనే పడ్డాడు. చంద్రుడిలాగే శుక్రుడూ పెరుగుతాడు, తరుగుతాడు అని కనిపెట్టి, చిన్న కుండలో పాతిక బిళ్లలు వేసి తెచ్చిన అమాయకుడు. 'ఇది నేను ముందే చూశాను' అన్నాడు ఘటోదరుడు. తండ్రి ఊరుకోక 'అబద్ధం' అన్నాడు. దొంగ అని ముద్ర వేసి ఊరిచివర ఎండిన బావిలో దింపారు. ఏడాదిలోపు దొంగతనం ఒప్పుకుంటే పైకి లాగుతారు, ఒప్పుకోకపోతే ఇసుక పోసి పూడుస్తారు. ఆయన ఒప్పుకునే రకం కాదు. ఆ ఏడాది ఈ పూట సూర్యాస్తమయంతో నిండుతుంది.

అందుకే అద్దాలు సానపట్టి బతికే మేఖల పింగళాక్షుడనే యక్షుడి గుహకు వెళ్లి, దూరాన్ని దగ్గరగా చూపే స్ఫటికం అడిగి తెచ్చుకుంది. యక్షుడు ఊరికే ఇవ్వలేదు. "ఇది అద్దం కాదమ్మాయ్, నా మూడో కన్ను. నేల మీద ఎక్కడికైనా తిప్పుకో. నేల కిందికి దిగితే మాత్రం వెలుగుతుంది, నేనొస్తాను. ఆ చోటికి అందరికన్నా ముందు వచ్చినవాడు నా కొలువులో వెయ్యేళ్లు గచ్చు తుడవాలి" అన్నాడు. యక్షుడు రుజువులు అడగడు, నోటిమాట నమ్ముతాడు. తమకు అబద్ధం తెలియదు గనక మనుషులకూ తెలియదనుకునే జాతి, పాపం. బావిలో ముందు నుంచీ ఉన్నది తండ్రే గనక, ఆ స్ఫటికం బిగించిన చూపుగొట్టాన్ని బావి దరిదాపులకు కూడా తీసుకుపోకూడదని మేఖల ఒట్టు పెట్టుకుంది.

కొలువు తీరి ఉంది. పగడాల స్తంభాలు, నెమలిపింఛాల పందిరి, నడుమ ఏనుగుదంతపు సింహాసనం, అందులో ఆవులిస్తూ ప్రచండకేసరి. కుడిపక్కన ఘటోదరుడు. పొట్ట మీద పచ్చల పతకం బోర్లించిన మూకుడులా ఉంది.

"ఏమిటయ్యా నువ్వు చూసింది?" అన్నాడు రాజు.

"మహారాజా, సూర్యుడి నొసట నల్లటి బిందువుంది. దానికి ఆరు కాళ్లున్నాయి. మీరే చూడండి" అని మేఖల గొంతు బొంగురుచేసి, మసి పట్టించిన అద్దం తొడిగిన గొట్టాన్ని చేతికిచ్చింది.

రాజు కిటికీ దగ్గరికి వెళ్లి గొట్టం కంటికి పెట్టాడు. కాసేపు కదల్లేదు. "ఉన్నాయి. ఒకటి, రెండు, మూడు... ఆరూ ఉన్నాయి" అన్నాడు చివరికి, కొత్త బొమ్మ దొరికిన పసివాడి గొంతుతో.

ఘటోదరుడు లేవనే లేచాడు. ఇరవై ఏళ్ల అలవాటు, లేవకుండా ఎలా ఉంటాడు? "ప్రభూ, ఇది నేను ముందే చూశాను. మూడేళ్ల కిందట, కార్తీక అమావాస్య కుంభంలో పెట్టాను."

నలుగురు బంట్రోతులు గాబును దొర్లించుకొచ్చారు. లక్క ముద్ర పగిలింది. వెయ్యి బిళ్లలు గలగలమని గచ్చు మీద పడ్డాయి. శిష్యులు వంగి పేర్చడం మొదలుపెట్టారు. ముందు 'సూర్యుని నొసట ఆరుకాళ్ల నల్లని బిందువు' అని తేలింది. తర్వాత రాజుగారు సింహం అని, సముద్రం అని, సింహాన్ని మింగిన సముద్రం అని, ఒక్కో వరుసా గుమ్మందాకా పాకింది. ఆఖరున మిగిలిన అయిదు బిళ్లలతో 'ఆహా ఓహో హో' అని పేర్చారు. సభ చప్పట్లు కొట్టింది. రాజు ఆ మచ్చకు 'ప్రచండకేసరి బిందువు' అని తన పేరే పెట్టుకున్నాడు.

మేఖల చేతులు కట్టుకుంది. "అయ్యా, తమరు మీ కళ్లతోనే చూశారా?"

"నా కళ్లతో కాక నీ కళ్లతో చూస్తానా."

"ఆరు కాళ్లూ ఉన్నాయా అప్పుడు?"

"ఆరు కాళ్లేమిటి, రెక్కలు కూడా చూశాను. నీ కంటికి ఆనినట్టు లేవు" అన్నాడు ఘటోదరుడు పతకం నిమురుకుంటూ. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లనేవాళ్లను చూశాం. పట్టని కుందేలుకు రెక్కలు తగిలించేవాడు వీడొక్కడే.

"రెక్కలు కూడానా. అయితే సందేహం లేదు, ఇదే" అని మేఖల గొట్టం కొస తిప్పి, మసి అద్దం ఊడదీసి, వెండి తాంబూలపు పళ్లెం మీద తట్టింది. చచ్చిన ఈగ ఒకటి పళ్లెంలో పడింది. "దారిలో నేనే పట్టి పెట్టాను, మొన్న పొద్దున. మూడేళ్ల కిందట తమరు చూసింది దీన్నేనేమో చూసుకోండి."

ఘటోదరుడి మొహం సున్నం కొట్టిన గోడలా అయింది. తండ్రి బయటపడ్డట్టేనని మేఖల ఊపిరి వదిలింది. అక్కడే పొరపాటు పడింది. నిజం తేలితే సభ సిగ్గుపడుతుందనుకుంది. సిగ్గుపడేవాళ్లయితే ఆ సభలో ఎందుకుంటారు?

ముసలి మంత్రి రాజు చెవిలో ఏదో ఊదాడు. తన పేరు పెట్టుకున్నది ఈగకని తెలిసి కందగడ్డలా మారిన రాజు మొహం మెల్లగా తేటపడింది. "ఇది మామూలు ఈగ కాదు. సూర్యమండలం నుంచి మా కీర్తి విని దిగివచ్చిన దివ్యభ్రమరం" అన్నాడు.

"దివ్యభ్రమరం" అంది సభంతా. ఒక కవి అప్పుడే పద్యం ఎత్తుకున్నాడు. ఇంకొకడు కళ్లొత్తుకున్నాడు. హారతి పళ్లెం తెమ్మని ఎవరో కేకేశారు. ఘటోదరుడు చెమట తుడుచుకుని, "రెక్కలున్నాయని చెప్పానా లేదా" అన్నాడు పక్కవాడితో.

మేఖలకు ఒళ్లు మండిపోయింది. వీళ్ల మొహాన ఉమ్మేసి వెళ్లిపోవాలనిపించింది. కానీ కిటికీలో ఎండ పసుపురంగుకు తిరుగుతోంది, తండ్రి బావిలో ఉన్నాడు. ఆమెకు గుమ్మపు స్తంభం మీద వాక్యం గుర్తొచ్చింది. వంగి దండం పెట్టింది.

"ధన్యుణ్ణి మహారాజా. నింగి నుంచి రాలినదాన్ని తెచ్చి తమకు సమర్పించింది నేనే గదా. గుమ్మం మీది శాసనం ప్రకారం నాకో బందీని ఇప్పించండి. బావిలో ఉన్న శతభిషుణ్ణి."

"కుదరదు ప్రభూ" అన్నాడు ఘటోదరుడు.

"కుదరకపోతే పోనీయండి. ఇది నింగిది కాదనండి, ఈగే అనండి. అప్పుడు ఈయన ఈగను సూర్యుడిలో చూశాడు, తమరు ఈగకు పేరు పెట్టుకున్నారు. ఏదో ఒకటి తేల్చండి."

రాజు ఈగ వంక చూశాడు, ఘటోదరుడి వంక చూశాడు. ఘటోదరుడు పోయినా పర్వాలేదు గానీ బిందువు పోకూడదు. "శతభిషుణ్ణి ఇచ్చాం" అని ముద్రుంగరం తీసి ఆమె వైపు విసిరాడు.

ఘటోదరుడు అప్పటికే పెరట్లోకి జారుకున్నాడు. శతభిషుడు పైకొస్తే పాతిక బిళ్లల కుండ మళ్లీ తెరవాల్సివస్తుంది, దాని వెనక ఇరవై ఏళ్ల గాబులన్నీ తెరవాల్సివస్తుంది. వాడు పాదలేపం పూసుకుని గాల్లోకి లేచాడు. మేఖల గుర్రమెక్కి పరిగెత్తించింది. హంసల కాలువలు దూకింది, కంసాలి వీధిలో పళ్లెల గుట్టలు తన్నుకుంటూ పోయింది, కోటగోడ కంతలోంచి గుర్రంతో సహా బయటపడింది. గడ్డం ఎక్కడో తోరణానికి చిక్కుకుని ఉండిపోయింది, అది పైనుంచి ఘటోదరుడి కంట పడనే పడింది. నడుముకు వేలాడుతున్న గొట్టం సంగతి ఆ తొందరలో ఆమెకు గుర్తే లేదు.

ఆమె చేరేసరికి ఇసుక బండ్లు బావి చుట్టూ నిలబడి ఉన్నాయి. ఘటోదరుడు కూలీలకు గట్టిగా చెబుతున్నాడు. "ఒక మాయలమారి వస్తోంది. గొంతులు మార్చగలదు. లోపలి నుంచి ఎవరి కేక వినిపించినా పోయడం ఆపొద్దు. చివరికి నా గొంతే వినిపించినా ఆపొద్దు. ఆపినవాడి తల తీయిస్తాను. తెలిసిందా?"

"తెలిసింది దొరా" అన్నారు కూలీలు. రెండు బండ్ల ఇసుక అప్పుడే లోపల పడింది.

మేఖల ముద్రుంగరం చూపిస్తూ గుర్రం మీద నుంచి దూకింది. "రాజాజ్ఞ. ఆపండి. నాన్నా, వినిపిస్తోందా?"

బావి లోపలి నుంచి విసుగు గొంతు వచ్చింది. "ఎవరే అది, మేఖలేనా? తల పక్కకు తీయి. సరిగ్గా శుక్రుడి మీద పెట్టావు."

తండ్రి బతికే ఉన్నాడు. అంతేకాదు, పని కూడా చేసుకుంటున్నాడు. లోతైన బావి అడుగు నుంచి పట్టపగలు చుక్కలు కనిపిస్తాయని, దొంగ జ్యోతిష్కుడు అసలు జ్యోతిష్కుణ్ణి తెచ్చి రాజ్యంలోకెల్లా మంచి వేధశాలలో పెట్టాడని అప్పుడు అర్థమై మేఖలకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి.

ఆ క్షణంలోనే ఘటోదరుడి కళ్లు ఆమె నడుము మీద పడ్డాయి. "ఆ గొట్టం నాది. నేను ముందే చేశాను" అంటూ పట్టుకుని లాగాడు. వాడు లాగాడు, ఆమె వదల్లేదు. కాళ్లకింద ఇసుక జారింది. పాదలేపం ఇసుకలో ఎప్పుడో తుడుచుకుపోయింది. మూడో బండిని తోసుకొచ్చే కూలీలు గమనించేలోపే ఇద్దరూ గొట్టంతో సహా బావిలోకి దొర్లి, మెత్తటి ఇసుకగుట్ట మీద పడ్డారు.

మట్టిగోడకు ఆనుకుని, గడ్డం మోకాళ్లదాకా పెరిగిన శతభిషుడు కూతుర్ని తడిమి చూశాడు. "దెబ్బలేం తగల్లేదు గదా తల్లీ? ఇతనెవరు? ఓ, ఘటోదరుడా. రావయ్యా, కూర్చో. ఎప్పుడైనా ఆకాశం చూశావా? పోనీ ఇప్పుడైనా చూడు" అని గొట్టం వాడి కంటికి పెట్టి, పైన గుండ్రటి వెలుతురు వైపు తిప్పాడు.

ఘటోదరుడు చూశాడు. "గొట్టం పాడైపోయింది. కొడవలిలాగా వంకరగా ఏదో ఉంది" అన్నాడు.

"అదేనయ్యా, నువ్వు ముందే చూసిన శుక్రుడు" అన్నాడు శతభిషుడు జాలిగా.

ఇంతలో మూడో బండి ఇసుక కుమ్మరించారు. "ఒరేయ్, ఆపండ్రా, నేనురా, ఘటోదరుణ్ణి" అని వాడు గొంతు చించుకున్నాడు.

"దొర చెప్పినట్టే ఉందిరో గొంతు. అచ్చం ఆయనదే. మాయలమారి గట్టిదే, కానీండి" అన్నారు పైన కూలీలు. నాలుగో బండి ఇసుక పడింది. ముగ్గురికీ మోకాళ్లదాకా వచ్చింది.

మేఖలకు అప్పుడు గొట్టం గుర్తొచ్చింది. గొట్టం కొసన స్ఫటికం పచ్చగా వెలగడం మొదలైంది. బావిగోడ పొరలుపొరలుగా విచ్చుకుని, గోడంత మొహంతో పింగళాక్షుడు లోపలికి వంగాడు. ఇసుక గాల్లోనే ఆగిపోయింది. యక్షుడు ముగ్గురినీ మార్చి మార్చి చూశాడు.

"మాట ప్రకారం వచ్చాను. ఒకరు నాతో వస్తారు, మిగతా ఇద్దరినీ పైన దింపుతాను. చెప్పండి, ఈ బావిలోకి అందరికన్నా ముందు వచ్చింది ఎవరు?"

యక్షుడి షరతు ఎరగని ఘటోదరుడి లెక్కలో, ముందు వచ్చినవాడికి దక్కేది మర్యాదే తప్ప మరొకటి కాదు. వాడు ఇసుకలోంచి కాళ్లు పీక్కుని, శతభిషుణ్ణి మోచేత్తో పక్కకు నెట్టి, పొట్ట ముందుకు పెట్టి నిలబడ్డాడు.

"నేనే స్వామీ. వీళ్లందరికన్నా ముందు, మూడేళ్ల కిందటే వచ్చాను."

శతభిషుడు పుట్టి బుద్ధెరిగి అబద్ధాన్ని సహించినవాడు కాదు. "కాదు, నేను..." అనబోయాడు.

తండ్రే ముందు అని లోకమంతటికీ చాటడానికి మూడు నదులు ఈదివచ్చిన మేఖల, ఆ నోటిని రెండు చేతులతో గట్టిగా మూసేసింది.